వార్షిక నివేదిక: పదకొండు ప్రదర్శనలు, మూడు రోజుల రీమేక్ ఉత్సవం

సభ్యులందరికీ నమస్కారం.

మన ఫిల్మ్ సొసైటీ కార్యదర్శిగా ఈ ఏటి నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. నెలకొకటి చొప్పున పన్నెండు ప్రదర్శనలు అనుకున్నాం, పదకొండు జరిగాయి. జులైలో హాల్లోకి వాన నీళ్ళొచ్చి ఒకటి ఆగిపోయింది. వేసవి సెలవుల్లో పిల్లల కోసం రెండు రోజులు సినిమాలు వేశాం. వీటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. నేను తీరిగ్గా చెప్పాలనుకున్నది నవంబరులో జరిగిన మూడు రోజుల ఉత్సవం గురించి. ఎనిమిదేళ్ళుగా ఈ సొసైటీలో తిరుగుతున్నాను. ఇంత మంచి పని మనం ఇంతకుముందు చెయ్యలేదు.

ఆ ఆలోచన పోయినేడాది ఇదే సమావేశంలో, టీ తాగే వేళ పుట్టింది. క్లాసిక్ హాలీవుడ్ సినిమాలను ఇప్పటి స్టార్లతో మళ్ళీ తియ్యొచ్చా అని మాట వచ్చింది. పదకొండు ఆస్కార్లు తెచ్చుకున్న 1959 బెన్‌హర్‌ను 2016లో మళ్ళీ తియ్యడం పాపం అన్నారు మన పెద్దాయన ఒకరు. 1959 సినిమా కూడా రీమేకే కదండీ, 1925లో మూకీగా వచ్చింది, దానికి సహాయకుల్లో ఒకరిగా పనిచేసిన విలియం వైలరే తర్వాత దీన్ని తీశాడు అన్నాడు ఒక కుర్ర సభ్యుడు. అరగంట వాదన జరిగింది. వాదించిన వాళ్ళలో సగం మంది ఆ మూడింటిలో ఒక్కటే చూశారు. అప్పుడే కార్యవర్గం నిర్ణయించుకుంది, ముందు చూద్దాం, తర్వాత మాట్లాడుకుందాం అని. పొద్దున పాతది, సాయంత్రం కొత్తది, మూడు జతలు.

మొదటి రోజు మాల్టీస్ ఫాల్కన్. డాషియల్ హామెట్ రాసిన ఈ డిటెక్టివ్ నవలను వార్నర్ బ్రదర్స్ స్టూడియో 1931లో ఒకసారి తీసింది, 1936లో పేరు మార్చి ఇంకోసారి తీసింది. మనం దండం పెట్టుకునే 1941 సినిమా మూడోది. జాన్ హస్టన్‌కు దర్శకుడిగా అదే తొలి సినిమా. జార్జ్ రాఫ్ట్ వద్దన్న వేషం హంఫ్రీ బోగార్ట్‌కు దక్కింది. రీమేకులన్నీ చెత్త అని ఇంటి దగ్గరే తీర్మానించుకుని వచ్చిన వాళ్ళు ఆ రోజు సాయంత్రం ఆలోచనలో పడ్డారు.

రెండో రోజు సైకో. 1960లో హిచ్‌కాక్ తీసినదాన్ని 1998లో గస్ వాన్ శాంట్ దాదాపు షాట్‌కు షాట్ రంగుల్లో మళ్ళీ తీశాడు. సంగీతం కూడా బెర్నార్డ్ హెర్మన్ దే. ఆంథొనీ పెర్కిన్స్ వేషంలో విన్స్ వాన్, జానెట్ లీ వేషంలో యాన్ హేష్. ఆఫీసు నుంచి ఎత్తుకెళ్ళే డబ్బు మాత్రం 40 వేల డాలర్ల నుంచి 4 లక్షలయింది. నేను ప్రొజెక్టర్ పక్కన కూర్చుని తెర కంటే ఎక్కువగా జనాన్నే చూశాను. పొద్దున, స్నానం చేస్తున్న హీరోయిన్‌ను కత్తితో పొడిచే షవర్ సీన్ దగ్గర మొదటి వరసలో ఒక అమ్మమ్మగారు పక్కనున్న మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ నెత్తురు నిజానికి చాక్లెట్ సిరప్ అని కరపత్రంలో మనమే రాశాం, ఆవిడ చదివారు కూడా. అయినా పట్టుకున్నారు. సాయంత్రం అదే సీను, అదే వయొలిన్ల మోత, నెత్తురు ఎర్రగా కనిపిస్తోంది. హాల్లో నాలుగు చోట్ల సెల్‌ఫోన్లు వెలిగాయి. అమ్మమ్మగారు మంచినీళ్ళ సీసా మూత తీసుకుంటున్నారు. నటులను నేను తప్పు పట్టను. అన్ని షాట్లూ ఉన్నా సినిమా రాలేదు.

మూడో రోజు వెస్ట్ సైడ్ స్టోరీ. 1961 సినిమాకు పది ఆస్కార్లు వచ్చాయి, కానీ కరీబియన్ దీవి ప్యూర్టో రికో నుంచి వచ్చిన పిల్ల మరియాగా వేసింది ఆ దీవితో సంబంధం లేని నటాలీ వుడ్. అసలు ప్యూర్టో రికోలో పుట్టిన రీటా మొరెనోకు కూడా ముఖానికి ముదురు రంగు పూశారు. 2021లో స్పీల్‌బర్గ్ ఆ వేషాలకు లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న నటులనే తీసుకున్నాడు. వాళ్ళు స్పానిష్‌లో మాట్లాడితే కింద సబ్‌టైటిల్ వెయ్యలేదు. ఈ ఉత్సవానికి తెలుగు కరపత్రాలు రాసిన డిగ్రీ విద్యార్థిని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "సార్, ఆ స్పానిష్ మాటలకు తెలుగు రాయనా, వదిలెయ్యనా?" అని అడిగింది. వదిలెయ్యమ్మా, దర్శకుడు కావాలనే అలా ఉంచాడు అన్నాను. అరవై ఏళ్ళ తర్వాత రీటా మొరెనో ముసలి వేషంలో మళ్ళీ కనిపించినప్పుడు హాలంతా చప్పట్లు. 1961 సినిమాలో అనీటా పాత్రకు ఆవిడకు ఆస్కార్ వచ్చింది, 2021 సినిమాలో అదే పాత్రకు అరియానా డెబోస్‌కూ వచ్చింది.

చివరి చర్చ రెండు గంటలు సాగింది. మన దేవదాసు ప్రస్తావన వచ్చింది. 1953లో అక్కినేని, సావిత్రి, 1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ. ఎవరి అభిమానం వారిది, దాని మీద గొడవ ఎక్కువ కాకుండా అధ్యక్షులు సర్దిచెప్పారు. నా అభిప్రాయం మాత్రం నివేదికలో రాయడానికి అనుమతించండి. స్టార్ ఎవరన్నది అసలు సమస్య కాదు. పాత సినిమాలో ఒక తప్పో లోటో కనిపించి దాన్ని సరిచెయ్యాలని తీస్తే తియ్యనివ్వాలి. భయపడాల్సింది పాతదాన్ని జనం కంట పడకుండా చేసినప్పుడు. 1940లో బ్రిటన్‌లో వచ్చిన గ్యాస్‌లైట్ సినిమా హక్కులు హాలీవుడ్ స్టూడియో ఎమ్‌జీఎమ్ కొని, 1944లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌తో తీసింది. పాతదాని ప్రింట్లు లేకుండా చెయ్యాలని చూసింది. బెర్గ్‌మన్‌కు ఆస్కార్ వచ్చింది, సినిమా నిజంగా బాగుంది. అయినా ఆ పని నాకు మింగుడు పడదు. పాత ప్రింట్లు కొన్ని మిగలబట్టి ఈ రోజు రెండూ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం. మనలాంటి సొసైటీలు ఉన్నది అందుకే.

ఇక చెప్పక తప్పని సంగతి. వాలంటీర్లుగా ఇరవై రెండు మంది పేర్లు ఇచ్చారు. మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికి కుర్చీలు వెయ్యడానికి వచ్చింది ఆరుగురు. మన కోశాధికారి గారు అరవై ఎనిమిదేళ్ళ వయసులో స్పీకర్ డబ్బా మెట్ల మీదుగా మోశారు. అది చూసి నాకు చాలా బాధ కలిగింది. రాలేని వాళ్ళు ముందు రోజు ఒక్క ఫోన్ చేస్తే చాలు. హాలు అనుమతి కాగితం కోసం కూడా అయిదుసార్లు తిరిగాం. సంతకం చెయ్యాల్సిన అధికారి ప్రతిసారీ రేపు రమ్మన్నారు. ఉత్సవానికి ముందు రోజు సాయంత్రం దాకా టెన్షన్ తప్పలేదు.

జమా ఖర్చుల పట్టిక విడిగా పంచాం, ఆడిట్ అయింది. ఉత్సవానికి కొంత లోటు వచ్చింది, కార్యవర్గ సభ్యులు పూడ్చారు. చందా బకాయిలున్న వారు ఈ రోజే కట్టగలరు.

కరపత్రాలు ఉచితంగా అచ్చువేసి ఇచ్చిన ప్రెస్ వారికి, మూడు రోజులూ భోజనాలు పంపిన మహిళా సభ్యులకు, జనరేటర్ ఇచ్చిన టెంట్ హౌస్ వారికి, ప్రొజెక్టర్ బల్బు పోతే అరగంటలో బండి మీద వెళ్ళి ఇంకోటి తెచ్చిన తమ్ముడికి, చర్చ నడిపిన రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ గారికి, ఆ ఆరుగురు వాలంటీర్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మమ్మగారికి కూడా. అనారోగ్యంతో ఉండి కూడా ఆవిడ మూడు రోజులూ వచ్చారు.

వచ్చే ఏడాదికి ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను: మన సొసైటీ ఏ రీమేక్ వేసినా, దొరికినంతవరకు పాతదాన్ని ముందు వెయ్యాలి. చర్చించి ఆమోదించగలరు. ఫిబ్రవరిలో ఎ స్టార్ ఈజ్ బార్న్ నాలుగూ, అంటే 1937, 1954, 1976, 2018 వరసగా వేద్దామని ఆలోచన. వాలంటీర్ల పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. కుర్చీలు వెయ్యడానికి ఎనిమిదింటికి రాగలిగిన వారే పేర్లు రాయండి.

కార్యదర్శి