పాత స్టీలు సైకిల్ ఫ్రేములు ఇచ్చినవాళ్లకు: రంగు పని ఎందుకు ఆపాం

ఈ వానలు తగ్గేదాకా మా వర్క్‌షాపులో ఏ పాత ఫ్రేమ్‌కూ రంగు వేయడం లేదు. విశాఖలో అసలే ఉప్పుగాలి, దానికి తోడు ఈ తేమ. ఇనుము పూర్తిగా ఆరకుండా ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొడితే పైకి నిగనిగలాడుతుంది, కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. అందుకే మీ ఫ్రేములు ఆలస్యమవుతాయి.

"పౌడర్ కోటింగ్ చేయించి ఇచ్చేయండి" అని కొందరు ఫోన్ చేశారు. అంటే రంగు పొడి చల్లి, వేడికి కరిగించి అంటించడం. కొత్త ఫ్రేమ్ అయితే నేనూ అదే చెబుతాను. ఇప్పుడు స్టాండు మీద ఉన్నది రేనాల్డ్స్ 531 అనే రకం స్టీలు గొట్టాలతో ఇంగ్లండ్‌లో చేత్తో కట్టిన ఫ్రేమ్. మాంగనీస్, మాలిబ్డినం కలిసిన ఆ గొట్టాలు 1935లో బర్మింగ్‌హామ్‌లో మొదలయ్యాయి. గొట్టాలు కలిసేచోట తొడిగిన లగ్గుల కొసల్ని ఆకురాయితో ఎంతో సన్నగా అరగదీశారు. పాత రంగు తీయగానే ఆ అంచు వెంట అతుకు పోసిన ఇత్తడి గీత పసుప్పచ్చగా, ఎక్కడా తెగకుండా బయటపడింది. దానిమీద మందంగా పౌడర్ పడితే ఆ పనితనమంతా పూడిపోతుంది. నాకు మనసొప్పదు. ఇసుక చిమ్మి రంగు రాల్చే శాండ్ బ్లాస్టింగూ చేయించను. ఈ గొట్టాలు చివర్లలో మందం, నడుమ పలచన. నడుమ గోడ మిల్లీమీటరు కూడా ఉండదు. కెమికల్‌తో రంగు తీసి, చేత్తో ఎమరీ పేపర్ పడుతున్నాం.

ఇక కొత్త గేర్లు అడిగినవాళ్లకు. ఈ ఫ్రేమ్‌లో వెనక చక్రం కూర్చునే రెండు కొసల మధ్య వెడల్పు 126 మిల్లీమీటర్లు, కొత్త గేర్లు పట్టే రిమ్ బ్రేకుల రోడ్ హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) 130 కావాలి. స్టీలు కాబట్టి వేడి చేయకుండానే ఒక్కో వైపు 2 మిల్లీమీటర్లు వంచొచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములతో ఆ పని చేయకూడదు. వంచాక వెనక ఒక కొస నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది ముందు గొట్టం) చుట్టూ తిప్పి రెండో కొసకు దారం కట్టి, సీటు ట్యూబ్‌కు (సీటు కింది గొట్టానికి) అటూ ఇటూ ఎడం సమానంగా ఉందో లేదో కొలుస్తాం. 27 అంగుళాల చక్రాలు తీసి కాస్త చిన్నవైన 700సి సైజు చక్రాలు వేస్తే బ్రేకు రబ్బర్లు 4 మిల్లీమీటర్లు హబ్బు వైపు దిగాలి. అంత జాగా లేకపోతే పొడుగు చేతుల బ్రేకులు కొనాలి, ఆ ఖర్చు అదనం.

కొన్ని పాత ర్యాలీ (Raleigh) కంపెనీ ఫ్రేముల బాటమ్ బ్రాకెట్‌కు (పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టానికి) అంగుళానికి 26 మరలు, మామూలుగా ఉండేవి 24. ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) తిప్పి మార్చమంటే ఒప్పుకోను. బేరింగ్ బాల్స్ కూర్చునే పాత కప్పులే శుభ్రం చేసి కొత్త బాల్స్ వేస్తాం.

ఆగలేనివాళ్లు ఫ్రేమ్ తీసుకెళ్లొచ్చు. ఇప్పటిదాకా చేసిన పనికే డబ్బు తీసుకుని మిగతా అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను.