జరిమానా ఎవరికి ముట్టింది

నల్గొండ

బిడ్డా,

వలస పాలన నవలలల ఆడోళ్ల మీది పెత్తనం గురించి నువ్వు రాసిన సెమినార్ పేపరు చదివిన. మొదటి వాక్యం కొట్టెయ్. "వలస పాలన వల్లనే పితృస్వామ్యం వచ్చింది" అని రాసినవ్, నువ్వు తీసుకున్న నవలలే ఆ మాట ఒప్పుకోవు. అట్లని "అది ముందునుంచే ఉన్నది" అని తిప్పి రాసి ఊకోకు. తెల్లదొర వాదం కూడ అదే. బెంగాల్‌ల 1829ల సతిని నిషేధించినోళ్లు, ఆడోళ్లను కాపాడనీకె ఉన్నమని చెప్పుకున్నది ఆ లెక్కనే. పాత పెత్తనం, కొత్త పెత్తనం ఎక్కడ అతుక్కున్నయో వెతుకు.

నైజీరియా రచయిత అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958) నాలుగో అధ్యాయం మళ్ల తెరువు. ఎవరినీ కొట్టొద్దని ఊరంత పాటించే శాంతి వారంల కథానాయకుడు ఒకోంక్వో తన చిన్న భార్య ఓజియుగోను కొడతడు. జడ వేయించుకోను పోయి, వంట యాళ్లకు రాలేదని. పూజారి జరిమానా వేస్తడు: ఒక ఆడమేక, ఒక కోడిపెట్ట, కొంత బట్ట, వంద గవ్వలు. నువ్వు దీన్ని "భార్యను కొట్టినందుకు శిక్ష" అన్నవ్. కాదు. అవన్నీ భూదేవత ఆనీ గుడికి పోతయి, ఓజియుగోకు ఒక్క గవ్వ ముట్టదు. అక్కడ నేరం దెబ్బ కాదు, ఆ వారంల కొట్టుడు. దేవత ఆడది, ఆమె తరఫున మాట్లాడేది మగ పూజారి. ఈ మాట తప్పక రాయి.

పదో అధ్యాయం వదిలేసినవ్, అసలు సరుకంతా అండ్లనే ఉన్నది. మొగుడు ఉజొవులు కొడుతుంటే మ్గబాఫోను అన్నదమ్ములు పుట్టింటికి తీసుకపోతరు. పంచాయితి ముసుగులేసుకున్న తొమ్మిది మంది పెద్దల ముందుకొస్తది. మొగుడు మాట్లాడతడు, తోడబుట్టినోడు మాట్లాడతడు. మ్గబాఫో అక్కడనే ఉంటది, ఆమెను అడిగినోడు లేడు. తీర్పు: కల్లు కుండ పట్టుకొని అత్తగారింటికి పోయి బతిమాలుకో. మన దిక్కు కులపంచాయితి చూసినోళ్లకు ఇది వివరించే పని లేదు గాని, పేపర్ల వివరించాలె. నవల చివర్ల జిల్లా కమీషనర్ తన పుస్తకంల ఒకోంక్వోకు ఒక పేరా ఇద్దామనుకుంటడు. దాని మీద అందరు రాసిన్రు. నువ్వు ఒక్క వాక్యంతోని దాటెయ్.

జింబాబ్వే రచయిత్రి డంగరెంబ్గ నవల 'నర్వస్ కండిషన్స్' (1988)ల, కథ చెప్పే పిల్ల తంబుకు పెదనాయన అయిన బాబముకురును "క్రూరుడు" అని ఆపినవ్. ఆ మాటతోని ఏం తేలదు, పైసల దారి పట్టు. తంబు మక్క కంకులు అమ్మబోతే ఒక తెల్లామె పది పౌండ్లు ఇస్తది. బిడ్డ నాది గనుక పైసలు నావే అని తండ్రి పేచీకి దిగుతడు. బాబముకురు భార్య మైగురుకు మాస్టర్స్ డిగ్రీ ఉన్నా జీతం ఆమె చేతికి రాదు. తర్వాత, పిల్లలు పుట్టి పెద్దగయినంక తంబు తల్లిదండ్రులకు బాబముకురు చర్చిల పెండ్లి చేపిస్తడు. ఆ పెద్దరికం ఇంటిది, చర్చి పెండ్లి లేని కాపురం "పాపం" అన్న లెక్క క్రైస్తవ మిషన్‌ది. అతుకు ఆ పెండ్లిల కనబడతది, నీ పేపరుకు నడుమ పెట్టవలసింది అదే.

కరీబియన్‌ల పుట్టిన రచయిత్రి రీస్ నవల 'వైడ్ సర్గాసో సీ' (1966)కి ఒక పేరా చాలు. కట్నం 30,000 పౌండ్లు షరతు లేకుండ మొగునికి పోతయి, పెండ్లికూతురు ఆంటోనెట్‌కు ఏమీ రాసిపెట్టరు. ఆమెకు "బెర్తా" అని పేరు మార్చేటాయనకు నవలంత పేరే లేదు. పెండ్లయిన ఆడోళ్ల ఆస్తి వాళ్లకే ఉండాలనే చట్టం ఇంగ్లండ్‌ల గట్టిగ వచ్చింది 1882ల, కథ అంతకు ముందుది. ఆ తేదీ వెయ్యి, లేకుంటే ఆయన ఒక్కని దుర్మార్గం లెక్క కనబడతది.

దాశరథి రంగాచార్య తెలంగాణ నవల 'చిల్లర దేవుళ్లు'తోని పోల్చినవ్, మంచిదే. కాని హైదరాబాద్ రాజ్యాన్ని ఏలింది నిజాం, బ్రిటిష్‌వాళ్లు నేరుగ కాదు. "బ్రిటిష్ వలస నవల" అని రాస్తే గైడు అక్కడనే ఆపుతరు. గడీ (దొర ఉండే కోట లాంటి ఇల్లు), దొర, ఆడబాప (దొర బిడ్డతోని అత్తింటికి పంపే దాసి) అన్న మాటలు అనువాదం చెయ్యకు, అట్లనే ఉంచి ఒక్కో వాక్యంల అర్థం చెప్పు. ఆడబాప గురించి రాసింది మగాయన. అందుకని సాయుధ పోరాటంల ఉన్న ఆడోళ్లు తమ నోటితోని చెప్పిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986) పక్కన పెట్టు.

పేజీ నంబరుతోని అధ్యాయం నంబరు కూడ వెయ్యి, ఎడిషన్ మారితే పేజీలు కలవవు. ముందు 4, 10 అధ్యాయాల భాగం దిద్ది పంపు. మిగిలింది తర్వాత చూద్దాం.

అమ్మ