తూము దగ్గర ఆపకు

చెన్నై, తిరువళ్ళిక్కేణి
ఆదివారం

చిట్టితల్లీ,

నిన్న ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. చరిత్ర నవలో, సైన్సు కథలో ఏదో ఒకటే పట్టుకో, రెంటికీ చెడకు అని ఎవరో పెద్దమనిషి అన్నారని, నీ నవలలో రామప్ప చెరువు అధ్యాయం తూము దగ్గరే ఆపేశానని చెప్పావు. పగలంతా సర్క్యూట్లతో సరిపోతుంటే ఇక రాయడం ఎందుకనీ అన్నావు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. రాత్రంతా ఆలోచించి ఇది రాస్తున్నాను.

పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో నాకు తమిళం అక్షరం ముక్క రాదు. వారపత్రికల్లో సుజాత ధారావాహికల కోసమే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. చాలాకాలం ఎవరో రచయిత్రి అనుకున్నాను. సుజాత ఆ రచయిత భార్య పేరు. ఆయన అసలు పేరు రంగరాజన్. 'కుముదం' వారపత్రికలో అప్పటికే మరో రంగరాజన్ రాస్తుండటంతో ఇల్లాలి పేరు పెట్టుకున్నారు. 1935లో మన తిరువళ్ళిక్కేణిలోనే పుట్టారు. శ్రీరంగంలో పెరిగి, క్రోమ్‌పేటలో ఎలక్ట్రానిక్స్ చదివారు.

ఆయన ఉద్యోగం మాని రాయలేదమ్మా. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఏళ్ళ తరబడి ఇంజనీరుగా పనిచేశారు. ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం రూపకల్పన, తయారీ పనులు ఆయన పర్యవేక్షణలో సాగాయి. అదే మనిషి 'ఎన్ ఇనియ ఇయందిరా' అనే సైన్సు నవల రాశారు. అందులో దేశాన్ని జీవా అనే ఒక్కడు ఏలుతుంటాడు. బిడ్డను కనాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలి. నిలా అనే అమ్మాయికి తోడుగా పుస్తకాలు చదివే యంత్రపు కుక్క, జీనో! ప్రతి పౌరుడి ఓటూ తప్పు పోకుండా లెక్కకు రావాలని యంత్రంతో కుస్తీ పట్టిన మనిషి కాబట్టే, ఒక్కడి ఏలుబడి ఎంత భయంకరమో ఆయనకు అంత స్పష్టంగా కనిపించిందని నా నమ్మకం.

ఇక చరిత్ర. 1857 తిరుగుబాటు మీద 'కరుప్పు సివప్పు వెళుప్పు' మొదలుపెడితే కొందరు అభ్యంతరం చెప్పారు, గొడవ ముదిరి ధారావాహిక ఆగిపోయింది. ఆయన ఆ కాలాన్ని వదిలిపెట్టలేదు. 'రత్తం ఒరే నిరం' పేరుతో మళ్ళీ రాశారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'కాందళూర్ వసంతకుమారన్ కదై'. నేరాల చిక్కుముళ్ళు విప్పే ఆయన లాయర్ల జంట గణేశ్, వసంత్‌లే అందులో గణేశభట్టరు, వసంతకుమారుడై రాజరాజ చోళుడి కాలంలో తిరుగుతారు. ఈ కాలపు మనుషులను వెయ్యేళ్ళ వెనక్కి చేయి పట్టుకుని తీసుకెళ్ళిన రచయితకు ఎవరైనా ఏదో ఒకటే రాయమని చెప్పగలరా?

2008 ఫిబ్రవరిలో ఆయన పోయిన రోజు నేను పొయ్యి వెలిగించలేదు. హోటలు నుంచి ఇడ్లీలు తెప్పించుకున్నాం, నీకు గుర్తుండే ఉంటుంది.

తూము గుండా నీరు ఎంత వేగంతో దూకుతుందో, మట్టికట్ట ఆ ఒత్తిడిని ఎలా మోస్తుందో నువ్వు రాసిన రెండు పేజీలు మళ్ళీ చదివాను. ఇంజనీరు కాని మనిషి అవి రాయలేడు. నీ సర్క్యూట్లు ఆ చెరువుకు అడ్డం కావడం లేదు తల్లీ, దానిలోకే నీళ్ళు తెస్తున్నాయి.

వసంతకుమారుడి పుస్తకం కొరియరులో పంపాను. తమిళం చదవడానికి నీకు ఓపిక లేకపోతే ఆదివారాలు ఫోనులో నేను చదివి వినిపిస్తాను. తూము తెరిచాక నీ కథలోని ఆ కావలివాడు ఏమయ్యాడో రాసి పంపు. నాన్న కూడా అడుగుతున్నారు.

నీ అమ్మ