జెనోసైడ్‌కి మన చట్టంలో సెక్షనే లేదు

సంపాదకులు గారికి నమస్కారం,

1984 నవంబర్‌లో సిక్కుల మీద జరిగిన ఊచకోతలో భాగంగా ఢిల్లీ రాజ్‌నగర్‌లో ఐదుగుర్ని చంపిన కేసులో, అప్పటి కాంగ్రెస్ నాయకుడు సజ్జన్ కుమార్‌కి యావజ్జీవం వేస్తూ 2018 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక మాట చెప్పింది. జెనోసైడ్ (ఒక జాతినో మతాన్నో తుడిచిపెట్టాలని చేసే మారణకాండ) గానీ, మానవత్వంపై నేరాలు (మామూలు జనం మీద పెద్ద ఎత్తున చేసే దాడులు) గానీ మన క్రిమినల్ చట్టంలో లేవు, ఈ లోటు అర్జెంటుగా పూడ్చాలి అని. అప్పటికే 34 ఏళ్లు గడిచిపోయాయి, అంత పెద్ద ఊచకోతని ఒకే నేరంగా చూసే సెక్షన్ లేక మర్డర్, కుట్ర సెక్షన్లతోనే నెట్టుకురావాల్సొచ్చింది. ఆ తీర్పు తర్వాత ఐపీసీ బదులు కొత్తగా భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 2024 జూలై 1 నుంచి అమల్లో కూడా ఉంది, అందులోనూ పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి జెనోసైడ్ ఒప్పందాన్ని మనం 1959లోనే ఆమోదించాం, దాని ఐదో ఆర్టికల్ ప్రకారం మన దేశంలో చట్టం మనమే చేసుకోవాలి.

అవసరం వచ్చినప్పుడు చేసుకోవచ్చులే అంటారు కొందరు. అలా కుదరదండీ. రాజ్యాంగం ఆర్టికల్ 20(1) ప్రకారం నేరం జరిగిన రోజున అమల్లో ఉన్న చట్టాన్ని మీరితేనే శిక్ష. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో ఆ రోజున దేశంలో చట్టం లేకపోయినా ఇలాంటి ఘోరాలకి శిక్ష వేసేలా కొంత వెసులుబాటు ఉంది గానీ మన ఆర్టికల్ 20లో ఆ మినహాయింపు రాసి లేదు. ఉండకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రభుత్వం మారినప్పుడల్లా పాత పనులకి కొత్త నేరాలు తగిలించుకుంటూ పోతే ఎవరికీ రక్షణ ఉండదు.

పశ్చిమాఫ్రికాలోని సెనెగల్‌లో ఏమైందో చూడండి. 1982 నుంచి 1990 దాకా చాద్ దేశాన్ని ఏలిన హిసేన్ హబ్రే అక్కడికి పారిపోయి తలదాచుకున్నాడు. అతని పాలనలో చిత్రహింసలు పడ్డ బాధితులు 2000లో సెనెగల్ రాజధాని డకార్‌లో కేసు పెడితే, టార్చర్‌ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందాన్ని సెనెగల్ 1986లోనే ఆమోదించినా కూడా, బయటి దేశంలో జరిగిన టార్చర్‌ని విచారించే అధికారం ఇచ్చే చట్టం ఇక్కడ లేదని 2001లో అక్కడి పైకోర్టు కొట్టేసింది. 2007లో చట్టాలు మార్చారు. అప్పుడేమో పాత పనులకి కొత్త చట్టం పెట్టి మామూలు కోర్టులో విచారించకూడదు, కావాలంటే అంతర్జాతీయ స్వభావం ఉన్న ప్రత్యేక కోర్టు పెట్టుకోండి అని పశ్చిమాఫ్రికా దేశాల కోర్టు 2010లో చెప్పింది. ఆఫ్రికన్ యూనియన్‌తో కలిసి 2013లో ప్రత్యేక కోర్టు పెడితే, 2016 మే 30న గానీ యావజ్జీవం పడలేదు. చిత్రహింసలు పడ్డవాళ్లు, అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు అన్నేళ్లు ఎదురుచూశారు, ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజుల్లోనే చట్టం రాసుకునుంటే వాళ్లకి ఇంత నరకం ఉండేది కాదు కదా!

మర్డర్ సెక్షన్ చాలదా అని అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను, ఒక వర్గాన్ని తుడిచేయాలనే ఉద్దేశం దానిలో ఎక్కడా కనిపించదు, పైనుంచి నడిపించినవాళ్ల దాకా వెళ్లాలంటే ప్రతి హత్యలో వాళ్ల పాత్ర విడివిడిగా నిరూపించుకుంటూ పోవాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు దీని మీద పార్లమెంటులో, ప్రభుత్వం తరఫున కాకుండా సభ్యులు సొంతంగా పెట్టే ప్రైవేటు మెంబర్ బిల్లు అయినా పెట్టాలి, అందులో నేరాల నిర్వచనాలతో పాటు, కిందివాళ్లు చేస్తున్నారని తెలిసి కూడా ఆపని అధికారులకి, నాయకులకి శిక్ష ఏంటో కూడా స్పష్టంగా రాయాలి.

ఇట్లు,
ఒక జూనియర్ అడ్వకేట్, వరంగల్