తినగానే వీధి చివరిదాకా

నెల్లూరు,
ఆదివారం రాత్రి

రేయ్ మామా,

నిన్న నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మనసు మనసులో లేదు. షుగర్ బోర్డర్‌లో ఉందన్నావు, సరే, దానికి దారులున్నాయి. నాకు భయమేసింది ఆ తర్వాత నువ్వు చదివిన లిస్టుకి. తెల్లారుజామున గంట నడక, రాత్రి అన్నం బంద్, కాఫీలో చక్కెర బంద్, పదింటికల్లా నిద్ర. అన్నీ రేపు సోమవారం నుంచే! ఫోన్లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని కాగితం తీసుకున్నా.

నేనూ అట్టాగే మొదలుపెట్టా. రెండేళ్ల కిందట నాకు హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల చక్కెర సగటు చూపే రక్తపరీక్ష, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీ డయాబెటిస్, 6.5 వస్తే షుగర్ కిందే లెక్క అన్నారు డాక్టరు గారు. ఆ టెన్షన్‌లో జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశా. తొమ్మిది రోజులు వెళ్లా. పదో రోజు ఆఫీసులో ఆడిట్, పై వారం కందుకూరులో పెళ్లి, ఇక మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. పొద్దున ఎనిమిదింటికి బయటపడి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే మనిషికి రోజూ గంటన్నర కొత్తగా ఎక్కణ్నుంచి వస్తుంది చెప్పు?

అసలు నడక పట్టుబడింది మా అమ్మ వల్ల. రోళ్లు పగిలే రోహిణి కార్తె. రాత్రి భోజనాలు అయ్యీకాకముందే కరెంటు పోయింది. "లోపల ఉడికిపోతా ఏం కూర్చుంటావబ్బయా, అట్టా వీధి చివరిదాకా పోయొద్దాం పా" అంది. చెయ్యి తడి ఆరకముందే చెప్పులేసుకుని బయల్దేరాం. మా వీధి చివర వేపచెట్టు, దాని కింద అరుగు నీకు గుర్తుండే ఉంటుంది. అమ్మ మోకాళ్లతో అక్కడికి పోయి రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. మర్నాడు కరెంటు పోలేదు. అయినా నేను తిని లేచేసరికి అమ్మ టార్చిలైటు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎట్టా కాదంటాను? ఆ రోజు పోయాం, ఈ రోజూ పోయొచ్చాకే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఇందులో కిటుకేందో నాకు తర్వాత అర్థమైంది. అన్నం తినడం ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. దాని కొసకి నడకను ముడేశాం కాబట్టి నడక కూడా గుర్తుచేయకుండానే వస్తోంది. పైగా తిన్నాకే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ సమయంలో నడిస్తే కాళ్ల కండరాలు దాన్ని వాడేసుకుంటాయి, అందుకే ఆ పదిహేను నిమిషాలకు అంత విలువ అన్నారు డాక్టరు గారు. వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రాత్రి నడకతోనే వంద దాటుతుంది. మిగతాది పొద్దున టీ తాగాక ఇంకో పది నిమిషాలు నడిస్తే సరిపోతుంది. అది నేను ఆర్నెల్ల తర్వాత గానీ కలపలేదు. నువ్వూ తొందరపడొద్దు.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ అంటారు చూడు, దాన్ని నమ్మి 22వ రోజు నీరుగారిపోకు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందితో చేసిన పరిశోధన ఒకటి 2010లో అచ్చయింది. అలవాటు ఒంటబట్టడానికి మధ్యస్తంగా 66 రోజులు పట్టిందట. ఒకరికి 18 రోజుల్లోనే కుదిరితే, ఇంకొకరికి 254 దాకా పట్టొచ్చని లెక్క తేలింది. నాకు బాగా ధైర్యమిచ్చింది ఇంకో మాట: మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదట. పోయిన వానాకాలం నాకు జ్వరమొచ్చి పదకొండు రోజులు నడక ఆగింది. పన్నెండో రోజు ఓపిక లేదు. చెప్పులేసుకుని గేటు దాకా పోయి వెనక్కొచ్చేశా. దాన్నీ నడక కిందే లెక్కేసుకున్నా. మర్నాడు వేపచెట్టు దాకా పోగలిగా.

తిండి దగ్గర కూడా బంద్ అనే మాట తీసెయ్యి మామా. మనం అన్నం మీద పెరిగిన వాళ్లం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు రోజు మొత్తం తిండిలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలంటారు. మా ఇంట్లో ఒక్కటే మార్చాం: కంచంలో ముందు కూర వడ్డిస్తారు, మిగిలిన చోట్లో అన్నం, పప్పు. నీకు బీపీ కూడా ఉంది కాబట్టి ఉప్పు సంగతి చూసుకో. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి, అంటే ఒక చిన్న చెంచాడు. అందులోకి ఆవకాయ, అప్పడాలు, నీకిష్టమైన ఉప్పుచేపలు కూడా లెక్కే. చేపల పులుసు మానొద్దు, పక్కన ఆవకాయ మానెయ్. డాక్టరు మాత్రలేమైనా రాసిస్తే మాత్రం నడుస్తున్నాను కదా అని వాటిని ఆపొద్దు.

నిద్ర గురించి ఒక్క మాట. ఫోన్ చార్జరు పడగ్గదిలోంచి హాల్లోకి మార్చు చాలు.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించు, అంతకుముందు వద్దు. ఆ పరీక్ష చూసేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరని. ఆ కణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి, అందుకే అది చూపించేది రెండు మూడు నెలల సగటు. నాకు మొదటిసారి 6.1 నుంచి 5.9 అయింది. అంతే తగ్గింది, కానీ ఆ కాగితం పట్టుకుని అమ్మకు చూపించినప్పుడు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కాబట్టి నీ లిస్టు చించెయ్. షాపు కట్టేసి తొమ్మిదిన్నరకు తింటావు కదా, తినగానే చెల్లెమ్మతో కలిసి మీ సందు చివరిదాకా పోయి రా. ఈ రెండు నెలలూ అదొక్కటే. పోయొచ్చాక నాకు మిస్డ్ కాల్ ఇవ్వు, నేను ఎత్తను.

రెండో శనివారం ఒంగోలు వస్తున్నా. పొద్దున కొత్తపట్నం బీచ్‌కి పోదాం, రాత్రి భోజనం మీ ఇంట్లోనే. అమ్మ కూడా వస్తానంటోంది. మీ సందులో లైట్లు ఉన్నాయో లేవో కనుక్కోమంది, లేకపోతే తన టార్చిలైటు తెస్తుందట.

నీ మామ