గదిలో సైకిల్ తొక్కడం తేలిక చేసినందుకు కృతజ్ఞతలు

ఇంట్లో స్టేషనరీ బైక్ ఎక్కిన కాసేపటికే ఒళ్లంతా చెమట కారిపోతోంది, తల వేడెక్కుతోంది, ఏం చేయాలి అని అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా జవాబు రాశారు. అందరికీ పేరుపేరునా రాయలేను కాబట్టి కలిపి చెబుతున్నాను, మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

అందరికంటే ముందు ఫిజియోథెరపిస్ట్ మేడమ్‌కి చెప్పుకోవాలి. నాకున్న అసలు టెన్షన్ చెమట కాదు, గుండె వేగం. రెసిస్టెన్స్ (పెడల్ ఎంత బరువుగా తిరగాలో పెట్టుకునే సెట్టింగ్) మార్చకపోయినా హార్ట్ రేట్ పెరుగుతూ పోతుంటే ఫిట్‌నెస్ తగ్గిపోతోందేమోనని భయపడ్డాను. మేడమ్ విషయాన్ని మొదటి నుంచీ విడమరిచి చెప్పారు. కండరాలు ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కి చేరేది సుమారు 20 నుంచి 25 శాతమే. మిగిలిందంతా వేడే. అంటే 150 వాట్లతో తొక్కుతున్నప్పుడు ఒంట్లో 450 నుంచి 600 వాట్ల దాకా వేడి పుడుతూ ఉంటుంది. రోడ్డు మీదైతే ఎదురుగాలి ఆ వేడిని ఎప్పటికప్పుడు లాక్కుపోతుంది. గదిలో మనమూ కదలం, గాలీ కదలదు. ఒంటిని అంటిపెట్టుకుని తేమ గాలి నిలిచిపోతుంది, చెమట ఆరదు. కారి నేల మీద పడ్డ చెమట వల్ల ఒంటికి చల్లదనం రాదు. చర్మం మీదే ఆవిరైనప్పుడే అది వేడిని తీసుకుపోతుంది, లీటరుకు సుమారు 580 కిలోక్యాలరీల చొప్పున. అది జరగనప్పుడు శరీరం చర్మానికి ఇంకా ఎక్కువ రక్తం పంపుతుంది, మరోపక్క చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది, అందుకే అదే పనికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాలి. ఇది చదివాక నా భయం సగం పోయింది. ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే మాత్రం ఫ్యాన్‌తో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలవమని కూడా రాశారు, ఆ శ్రద్ధకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఫ్యాన్ ఎక్కడ పెట్టాలో చెప్పిన అన్నకి కూడా రుణపడి ఉన్నాను. పైనున్న సీలింగ్ ఫ్యాన్ చాలదని, పెద్ద ఫ్యాన్‌ని ఎదురుగా పెట్టి గాలి ఛాతీకీ ముఖానికీ తగిలేలా కొంచెం పైకి వంచమని, వీలైతే ఇంకోటి వెనకనుంచి వీపుకి తగిలేలా పెట్టమని చెప్పారు. చెమట పట్టాక కాదు, వార్మప్ మొదలుపెట్టేటప్పుడే ఆన్ చేయాలట. కిటికీ తీసి ఉంచమన్నది కూడా ఆయనే, లేకపోతే మన చెమటతోనే గదిలో తేమ పెరుగుతుంది. ఇప్పుడు అదే రెసిస్టెన్స్ మీద మొత్తం సెషన్ హాయిగా పూర్తవుతోంది, గుండె వేగం కూడా మునుపటంత పైకి పోవడం లేదు. ఏసీ కొనాలనుకున్నవాణ్ని ఫ్యాన్‌తోనే ఆగిపోయాను.

తొక్కకముందు, తొక్కాక బరువు చూసుకోమన్న అక్కకి థాంక్యూ. మధ్యలో తాగిన నీళ్లు కూడా కలుపుకుంటే కిలో తగ్గినట్టు తేలితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. సెషన్ పొడవైనదైతే ఉప్పు కూడా తీసుకోమని, దాహం లేకపోయినా నీళ్లు గటగటా తాగేయడం ప్రమాదమని చెప్పడం చాలా అవసరమైన మాట. హ్యాండిల్ మీద టవల్ వేయమన్నవాళ్లకీ ధన్యవాదాలు, చెమట ఉప్పుకి బోల్టులు తుప్పు పడతాయని నాకు తట్టనే లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. కళ్లు తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, వేడిలోనూ చలి పుట్టి రోమాలు నిక్కబొడుచుకున్నా అక్కడితో ఆపేయండి. గదిలో 40 డిగ్రీలు దాటిన రోజు ఫ్యాన్‌ని నమ్ముకోవద్దు, అది వేడి గాలినే మీదికి తోస్తుంది. ఆ రోజు తొక్కకపోయినా ఫరవాలేదు.

మేడమ్, మీ వివరణని మా ఇంట్లోవాళ్లకీ సైకిల్ తొక్కే స్నేహితులకీ ఉన్నదున్నట్టు పంపాలనుకుంటున్నాను. మీకు అభ్యంతరం ఉంటే చెప్పండి, ఆగుతాను.