చారల గూబ ఏం తింటోందో లెక్క తీయడానికీ నిధులివ్వండి

అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ డైరెక్టర్ గారికి,

సియాటిల్ శివారులో ఉంటున్న తెలుగువాణ్ణి. మా ఇంటి వెనక డగ్లస్ ఫర్ చెట్ల మీద రాత్రిళ్లు చారల గూబ, అదే బార్డ్ ఔల్, ఎనిమిది కూతలు కూస్తుంది. చివరి కూత కిందికి జారుతుంది. గూబ ఇంటి మీద వాలితే అరిష్టమని మా నాయనమ్మ అనేది. నాకా భయం లేదు, అడవి గురించే టెన్షన్.

తూర్పు రాష్ట్రాల నుంచి గత శతాబ్దంలో ఇటు చేరిన ఈ పక్షి, 1990 నుంచి రక్షణ జాబితాలో ఉన్న ఇక్కడి స్పాటెడ్ ఔల్‌ను, అంటే చుక్కల గూబను, తరిమేస్తోంది. 2021లో వెలువడిన అధ్యయనంలో చారల గూబల్ని తీసేసిన చోట చుక్కల గూబలు దాదాపు నిలదొక్కుకున్నాయి. వదిలేసిన చోట ఏడాదికి 12 శాతం చొప్పున తగ్గాయి. అందుకే 2024లో మీ సంస్థ, 30 ఏళ్లలో సుమారు 4,50,000 దాకా చారల గూబల్ని చంపే ప్రణాళిక ఖరారు చేసింది. దాని మీద గొడవ జరుగుతోంది, జరగాల్సిందే.

కానీ మిగతా జీవాల సంగతో? చుక్కల గూబకు ఎగిరే ఉడతలు, అడవి ఎలుకలే ముఖ్యం. చారల గూబకు అలాంటి పట్టింపు లేదు. వాగులో క్రేఫిష్ (రొయ్యలాంటి జీవి), కప్ప, సాలమాండర్ (బల్లిలా కనిపించే, కప్పకు చుట్టమైన జీవి), పురుగు, తనకంటే చిన్న గూబ, ఏది దొరికితే అది. పైగా చిన్న జాగాలోనే ఎక్కువ జంటలు కాపురం పెడతాయి.

ఎలాగూ చంపుతున్నారు కాబట్టి ప్రతి పక్షి పొట్టలో ఏముందో పరీక్షించడానికి డబ్బివ్వండి. తీసేయక ముందు, తీసేశాక అదే వాగులో సాలమాండర్లను లెక్కపెట్టించండి. ఒక్క ఏడాది గ్రాంటుతో ఇది తేలదు, కనీసం పదేళ్లకు కేటాయించండి.

ఇట్లు,
ఒక సియాటిల్ తెలుగువాడు